ఆస్ట్రియా రెజిమెంటు, మా ఇంటి మేలుకొలుపు

మా అన్నయ్య గొంతు తీసేసిన డాక్టరుగారికి నేను ఇప్పటికీ రోజూ దణ్ణం పెట్టుకుంటాను. గొంతు తీసేసినాయనకి దణ్ణమేమిటని నవ్వకండి. గొంతు ఉంచితే మనిషి దక్కేవాడు కాదు. విశాఖపట్నంలో ఆపరేషనయ్యాక, మెడ ముందువైపు ఊపిరి కోసం చేసిన చిన్న రంధ్రం, దాని మీద పల్చటి గుడ్డ, చేతిలో చిన్నపిల్లలు రాసుకునే పలక, ఈ వేషంతో శ్రావణమాసం వానల్లో శ్రీకాకుళంలో మా ఇంటికి వచ్చాడు. వెంట తెచ్చుకున్నవి రెండు జతల బట్టలు, ఒక సంచీ నిండా కాగితాలు. మందులు మాత్రం ఆస్పత్రిలోనే మర్చిపోయాడు.

అన్నయ్య గరివిడిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సు చూసి రిటైరైన మనిషి. పెళ్లి మాటెత్తితే చెప్పులేసుకుని బయటికి పోయేవాడు గనక పెళ్లి కాలేదు. మా పుట్టింటి పేరు మోసేది ఇప్పుడు తనొక్కడే. జీవితంలో తను ప్రేమగా పట్టుకున్నవి రెండు. ఒకటి మా ఊరి గోపాలస్వామికి పాడే మేలుకొలుపు. రెండోది నెపోలియన్ కాలంనాటి సైన్యాల పట్టికలు. ఏ యుద్ధానికి ఏ సైన్యం ఏయే దళాలతో వచ్చింది, ఎవరి కింద ఎవరున్నారు, ఎంతమంది ఉన్నారు, అంతా వరసగా రాసి ఉండే పట్టికలవి. ఇంగ్లీషులో ఆర్డర్ ఆఫ్ బ్యాటిల్ అంటారు. అన్నయ్య 'బలగాల పట్టిక' అని పేరు పెట్టుకున్నాడు. ఎప్పుడో విశాఖలో పాత పుస్తకాల కొట్లో అట్ట ఊడిన పుస్తకం ఒకటి కొన్నాడట, అక్కడ అంటుకుంది ఈ జబ్బు. తరవాత ఇంటర్నెట్ వచ్చి దాన్ని ముదరబెట్టింది. ఊళ్లోవాళ్లు ఆటపట్టించేవారు. "యుద్ధమే గావాలంటే మన బొబ్బిలి యుద్ధం నేదేటి? ఆ నెపోలియనేటి, మీకు సుట్టమేటి?" అనేవారు. అన్నయ్య నవ్వి ఊరుకునేవాడు.

మేలుకొలుపు సంగతి చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. మా ఊరు బొబ్బిలికి దగ్గర. గోపాలస్వామిని పొద్దున్నే పాటతో లేపే సేవ నాలుగిళ్లవాళ్లది. ఏడాదిని పంచుకున్నాం. మా ఇంటి వంతు మాఘమాసంతో మొదలవుతుంది. ఇంకా తెల్లారకముందే గుడి పరిచారకుడు మండపంలో నిలబడి, మా ఇంటిపేరు పెట్టి, "వంతువోళ్లు వచ్చినారా?" అని కేకేస్తాడు. "వచ్చినాం" అని పలకాలి. అప్పుడు పాట, పాటయ్యాక గర్భగుడి తలుపు. పిలుపుకి ఎవరూ పలక్కపోతే ఆ వంతు పక్కింటికి పోతుంది. అలా పోయిన వంతు తిరిగి రావడం నేనెప్పుడూ చూడలేదు.

నాన్న పోయాక ఆ పిలుపుకి పలికేది అన్నయ్యే. చిన్నప్పుడు నేను లంగా ఎగదోపుకుని తన వెనకే నిలబడి తాళాలు వేసేదాన్ని. విని విని పాటంతా నాకూ నోటికొచ్చేసింది గానీ నన్ను పాడమన్నవాళ్లు లేరు, నేనూ అడగలేదు. పాడినవాళ్లకి అర్చకులు అడ్డాకు దొప్పలో పొంగలి పెట్టేవారు. తాళానికి దొప్ప లేదు, అది ఆచారం. అన్నయ్య మెట్ల మీద కూర్చుని తన దొప్పలో సగం నా అరచేతిలోకి వంచేవాడు. వేడికి నేను కుయ్యోమనేదాన్ని. "అరవకే, సామి ఇప్పుడే లేసినాడు" అనేవాడు.

అలాంటి మనిషి మా ఇంటి వరండాలో కూర్చుని గోడ చూస్తూ ఉండిపోయాడు. పలక ఉంది కదా, రాయొచ్చు కదా? రాయడు. మా ఆయన క్రికెట్ పెడితే చూడడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. హైస్కూల్లో సోషల్ చెబుతాను. రోజంతా పిల్లల మీద అరిచి వచ్చి ఇంట్లో ఈ మౌనం భరించలేకపోయాను. ఒకరోజు సంచీలోంచి చేతికందిన కాగితం లాగి, "సదువుతన్నాను, ఇను" అని గట్టిగా అందుకున్నాను.

తలాతోకా తెలియలేదు. అంకెలు, పేర్లు, మళ్లీ అంకెలు. నోరు తిరగని ఆ ఫ్రెంచి పేర్లు నా నోట్లో పడి నలుగుతుంటే అన్నయ్య తల తిప్పి చూశాడు. ఆ ముఖంలో నొప్పి ఉంది, ఆపరేషన్‌ది కాదు. పలక తీసుకుని రాశాడు. మా ఇంటికొచ్చాక రాసిన మొదటి మాట అది: 'ఆపవే తల్లీ.'

ఆపితే నేను నేనెందుకవుతాను? ఇంకా గొంతు పెంచాను. మర్నాడు ఇక తట్టుకోలేక చింతగింజల డబ్బా తెమ్మని సైగ చేశాడు. గచ్చు మీద పేర్చడం మొదలుపెట్టాడు. ఒక్కో గింజ ఒక బెటాలియన్. రెండో మూడో గింజలు కలిస్తే రెజిమెంటు. రెజిమెంట్లు పక్కపక్కన పెడితే బ్రిగేడు. బ్రిగేడ్లు రెండు మూడు, ఫిరంగులకి గుర్తుగా కాసిని మిరియాలు, అదంతా ఒక డివిజను. అలాంటి డివిజన్లు కొన్ని, గుర్రపుదళంతో కలిపి, ఒక కోరు. కోరు అంటే అదే ఒక చిన్న సైన్యం. మిగతావాళ్లు వచ్చి అందుకునేదాకా ఒంటరిగా నిలబడగలగాలి. వరండా సగం నిండిపోయింది. మా ఆయన కాఫీ గ్లాసుతో వచ్చి, ఎక్కడ కాలు పెట్టాలో తెలీక గుమ్మంలోనే నిలబడి తాగాడు. అంతవరకూ నేను పైనున్న పేరు గౌరవం కొద్దీ పైన వేశారని, పెళ్లి శుభలేఖ చదివినట్టు చదువుతున్నాను. అది గౌరవాల కాగితం కాదు, ఎవరు ఎవరి మాట వినాలో చెప్పే కాగితం. ఆ ముక్క తెలిశాక పట్టిక కాస్త దారికొచ్చింది.

కానీ టీచర్ని, చేతిలో ఎర్ర పెన్ను లేకపోతే చదవలేను. ఒకే ఏడాదివి రెండు పట్టికలు వచ్చాయి. ఒకటి స్పెయిన్‌లో ఉన్న ఫ్రెంచి సైన్యానిది, ఇంకోటి జర్మనీ వైపుది. రెండింటిలోనూ ఒకే నంబరు రెజిమెంటు ఉంది. అచ్చుతప్పని రెండింటికీ ఎర్రగా సున్నా చుట్టేశాను. అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. కాగితాన్ని చంటిపిల్లని తుడిచినట్టు తుడిచి, రాశాడు: 'రెజిమెంటు ఒకటే. బెటాలియన్లు తలో దిక్కు. మన మేనత్తోలు సగం పాతపట్నంలో, సగం పర్లాకిమిడిలో నేరేటి?' నిజమే కదా, మధ్యలో రాష్ట్రం మారినంత మాత్రాన వాళ్లు రెండు కుటుంబాలు కాలేదు.

నెమ్మదిగా, పట్టిక చూడగానే అడగాల్సినవి నాకూ పట్టుబడ్డాయి. ఇది ఏ రోజు తీసిన లెక్క? యుద్ధం రోజుదా, నెల ముందుదా? నెల్లాళ్లు నడిస్తే జ్వరాలతో, పుళ్లు పడ్డ కాళ్లతో ఎంతమంది వెనక ఉండిపోతారు! పేరు రాయించుకున్నవాళ్లందరా, తుపాకీ పట్టుకుని నిలబడ్డవాళ్లేనా? మనుషులు మరీ తగ్గిపోతే రెండు బెటాలియన్లని కలిపి ఒకటి చేసేసేవారు, ఆ సంగతి కింద ఎక్కడో చిన్నగా ఉంటుంది, చూశావా లేదా? ఎవరిని లెక్కేశారు, ఎవరిని వదిలేశారు? ఇంగ్లీషువాళ్ల పట్టికలు వస్తే అన్నయ్యకి ఒళ్లు మండిపోయేది. వాళ్లు చాలాచోట్ల మామూలు సిపాయిలని మాత్రమే లెక్కేసి, ఆఫీసర్లని, సార్జెంట్లని, డప్పులు కొట్టేవాళ్లని వదిలేస్తారు. చదివేవాళ్లే సుమారుగా ఎనిమిదో వంతు కలుపుకోవాలి. ఆఫీసర్లని వదిలేసినందుకు అన్నయ్యకి పెద్ద బాధ లేదు. సుద్ద విరిగేలా రాసింది ఇది: 'డప్పు కొట్టినోడు మనిషి కాడేటి? ఆడు కొడితేనే గదా ఈలంతా నడిసింది!' వందల ఏళ్ల కింద ఏ దేశంలోనో డప్పు కొట్టిన కుర్రవాళ్ల తరఫున ఇంత కోపం తెచ్చుకునే మనిషి నాకు అన్నయ్య అయినందుకు, నిజం చెబుతున్నాను, గర్వమేసింది.

ఇక నా అసలు ఘనకార్యం. ఫ్రెంచి డివిజన్లకి నంబరుతోపాటు జనరల్ పేరు ఉంటుంది. వసంతంలో తీసిన పట్టికలో ఒక డివిజను పక్కన ఒక పేరుంది. అదే ఏడాది చలికాలం పట్టికలో ఆ చోట ఇంకో పేరుంది. నాకు అనుమానమే రాలేదు. "ఓహో, ఈలింటి వంతు అయిపోనాది, ఇంకో ఇంటోలు దిగినారు" అన్నాను, ఎంతో తెలిసినదానిలా.

అన్నయ్య నా వైపు చూశాడు. భుజాలు కదలసాగాయి. ఊపిరి అందడం లేదేమోనని గబుక్కున లేచాను. నవ్వుతున్నాడు! చప్పుడు లేదు, మెడ దగ్గర గుడ్డ ఎగిరెగిరి పడుతోంది, కళ్లలోంచి నీళ్లు కారిపోతున్నాయి. ఆపరేషనయ్యాక అదే మొదటి నవ్వు. మా ఆయన పరిగెత్తుకొచ్చి "ఏటైనాది, ఏటైనాది" అని నన్ను కుదిపేస్తుంటే, నాకు ఏడుపూ నవ్వూ కలిసి ముంచుకొచ్చాయి. నెపోలియన్ జనరళ్లని గుడి వంతులవాళ్లనుకునే మొద్దు మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా పుట్టదు. అలా పుట్టినందుకు ఆ రోజు నాకు ఎంత సంతోషమైందో చెప్పలేను.

తేరుకున్నాక రాశాడు: 'ఇల్లు కాదే, మనిషి. ఆ మనిషికి దెబ్బ తగిలినాది, ఇంకోడొచ్చినాడు. కింద రెజిమెంట్ల నంబర్లు సూడు.' చూశాను. అవే నంబర్లు. పైన పేరు మారింది గానీ కింద బలగం మారలేదు.

వారం తిరక్కుండా ఆస్ట్రియా పట్టిక చేతికొచ్చింది. అందులో రెజిమెంట్లకే మనుషుల పేర్లు. "మరి ఈలో? ఈలకీ దెబ్బలు తగిల్తే పేరు మార్సీడమేనా?" అని అడిగాను. అన్నయ్య సుద్ద మొన పలక అంచుకి రుద్దాడు. ఒప్పుకోవడం తనకి కష్టం. ఆస్ట్రియాలో రెజిమెంటుకి ఒక యజమాని ఉంటాడట, ఏ యువరాజో, పెద్ద జనరలో. రెజిమెంటుని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఆయన దాని దగ్గర ఉండనక్కర్లేదు. ఎక్కడో ఇంకో సైన్యంలో ఉండొచ్చు, ముసలితనంలో ఇంటిపట్టునే ఉండొచ్చు. దాన్ని నడిపే కర్నలు వేరే. ఇదంతా రాసి చెరిపి, రాసి చెరిపి, చివర్న చీమల్లాంటి అక్షరాలతో రాశాడు: 'ఇక్కడ మాత్రం నీదే కరెక్టు. పేరు నడిపేవోడిది కాదు.' ఆ పలకని రెండు రోజులు చెరపనివ్వలేదు నేను. ఇంటికొచ్చినవాళ్లందరికీ చూపించాను.

దసరా వెళ్లాక ఊరినుంచి మావ ఫోన్ చేశాడు. అమ్మకి తమ్ముడి వరస, వంతులున్న నాలుగిళ్లకీ పెద్ద. మాట గరుకు, మనసు మంచిది. అన్నయ్య కూడా వింటాడని స్పీకర్లో పెట్టాను.

"ఏటే అమ్మీ, మీ అన్నకి ఒంట్లో కుదురుగున్నాదా? మరి మాఘం వంతు సంగతేటి? ఆడికి గొంతు నేదు గదా, మిగతా ఇళ్లోలు అడుగుతన్నారు. పలికే మనిషి నేకపోతే పక్కింటోలకి ఇచ్చీడమే మరి."

అన్నయ్య పలక మీద 'ఇచ్చీమను' అని రాసి, పలక బోర్లించి, లోపలికెళ్లి పడుకున్నాడు. ఆ రోజునుంచి సంచీ ముట్టుకోలేదు. చింతగింజలు డబ్బాలోకి వెళ్లిపోయాయి. నేను కావాలని తప్పులు చదివినా తల తిప్పలేదు. అప్పుడు నాకు నిజంగా భయమేసింది. తాత పలికిన పిలుపు, నాన్న పలికిన పిలుపు తన దగ్గరికొచ్చి ఆగిపోయిందని లోపల్లోపల కుమిలిపోతున్నాడు. గొంతు పోయినా డాక్టరుగారు మనిషిని మిగిల్చారు. ఈ వంతు కూడా పోతే ఆ మనిషి మళ్లీ నవ్వడని నాకు తెలిసిపోయింది. పాట నాకొచ్చు. కానీ నేను పెళ్లయి ఇంటిపేరు మారినదాన్ని.

కార్తీకంలో అన్నయ్యని కారెక్కించి ఊరికి తీసుకెళ్లాను. రానని పలక మీద రాశాడు. పలక లాక్కుని నా సంచీలో వేసుకున్నాను, ఇంకేం రాస్తాడు? గుడి మండపంలో మావ, మిగతా ఇళ్ల పెద్దలు కూర్చుని ఉన్నారు. అక్కడికెళ్లాక జాలేసి పలక తన ఒళ్లో పెట్టాను. అన్నయ్య స్తంభానికి ఆనుకుని తల దించుకున్నాడు.

"వంతు ఎవలికీ ఇవ్వొద్దు మావా. నేను పాడతాను" అన్నాను.

మావ నములుతున్న తమలపాకు ఆపాడు. "పాడతావే, ఎందుకు పాడవు? సిన్నప్పట్నుంచీ సూసినాం గదా. కానీ పిలిసేది మీ అన్న ఇంటిపేరు. నీ ఇంటిపేరు ఏరు. పెల్లై శ్రీకాకులం ఎల్లిపోనావు. ఆ పేరుకి నువ్వు వచ్చినాం అంటే ఎవలొచ్చినట్టే?"

న్యాయమైన ప్రశ్న. న్యాయంగా అడిగితే నాకు కోపమొస్తుంది. ఆ కోపంలో నోట్లోంచి ఆస్ట్రియా ఊడిపడింది.

"ఆస్ట్రియాలో ఎలగుంటాదో తెల్సా మావా? రెజిమెంటుకి ఓనరు పేరుంటాది!"

"ఏ ఊరే అది?"

"దూరం మావా. నెపోలియన్ కాలంలో."

"ఓలమ్మో! గోపాలసామి గుళ్లోకి నెపోలియనెలగొచ్చీసినాడే?"

అందరూ గొల్లుమన్నారు. నాకు పూనకం వచ్చినట్టయి, తెలిసిన ముక్క కూడా తారుమారైంది. "నవ్వకండి! ఆ ఓనరు పేరుతోనే పిలుస్తారు. పిలవగానే ఆ ఓనరే గుర్రమెక్కి ముందు నడుస్తాడు, ఎనకాల ఆడి సుట్టాలందరూ కత్తులుచ్చుకుని..."

ఠప్పుమని చప్పుడైంది. అన్నయ్య పలకని స్తంభానికి కొట్టాడు. తలెత్తి నన్ను చూశాడు. ఎర్ర సున్నాలు చుట్టిన రోజు చూసిన చూపే అది. ఇంట్లో ఎన్ని తప్పులు చదివినా పట్టించుకోని మనిషి, పదిమందిలో, అదీ గుళ్లో, ఆస్ట్రియా సైన్యం గురించి ఇంత ఘోరం వినలేకపోయాడు. గబగబా రాసి మావ చేతిలో పెట్టాడు. మావ కళ్లజోడు సర్దుకుని అందరికీ వినబడేలా చదివాడు.

"తప్పు. ఓనరు రెజిమెంటుని నడపడు. పేరొక్కటే ఆడిది. ముందు నిలబడి నడిపేవోడు ఏరేవోడు. ఆడి ఇంటిపేరు ఏదైనా పరవానేదు."

మావ పలకని దగ్గరికి పెట్టుకుని ఇంకోసారి తనలో తను చదువుకున్నాడు. "ఒరే, ఇది నువ్వే రాసినావు గదా?" అన్నాడు అన్నయ్యతో. "మరింకేటిరా? పేరు నీది. నడిపేది ఇది. తప్పేటున్నాది?"

పెద్దల్లో ఒకాయన గొణిగాడు. "ఆ దేశంలో ఓనరు రానే అక్కర్నేదంటన్నాడు గదా."

"ఆ దేశం గొడవ మనకెందుకు? మన సామి దగ్గిరికి ఓనరు కూడా రావాల." మావ మళ్లీ అన్నయ్య వైపు తిరిగాడు. "ఇంట్లో కూకుని పేరిచ్చీస్తే కుదరదురా. నువ్వొచ్చి దీని పక్కన నిలబడాల. తాళాలు నువ్వెయ్యాల. అలాగైతే వంతు మీదే. ఏటంతావు?"

నా తప్పు దిద్దడానికి రాసిన మాట తిరిగి తన దగ్గరికే వచ్చిందని అన్నయ్యకి అప్పుడు తెలిసినట్టుంది. పలక తీసుకుని, చెయ్యితో చెరిపి, ఒక్క మాట రాశాడు: 'వస్తాం.'

నేను మావ కాళ్లకి దణ్ణం పెట్టాను. "నాకెందుకే, ఆ ఆస్ట్రియావోడికెట్టు" అన్నాడు. ఆస్ట్రియావాళ్లకీ పెట్టుకున్నాను.

ఆ తరవాత మాఘం వచ్చేదాకా నా పని పట్టాడు అన్నయ్య. స్కూలునుంచి రాగానే వరండాలో సాధన. నేను ఆ పాట చిన్నప్పట్నుంచీ వచ్చనుకుంటున్నాను. వచ్చని అనుకోవడం వేరు, వెనకనుంచి వినడం వేరు, ముందు నిలబడి పాడటం వేరు. గమకం తప్పితే తాళం ఆపేసేవాడు. పలక మీద 'మల్లీ' అని రాసి పెట్టుకున్నాడు, ప్రతిసారీ రాయడం దండగని. అదే చూపించేవాడు. నేను విసుక్కుని "నాకు రాదు పో" అంటే ఇంకో వైపు తిప్పేవాడు. అక్కడా 'మల్లీ' అనే ఉండేది. ఇంత విసిగించే మనిషి మళ్లీ దొరికినందుకు నేను లోపలికెళ్లి ఏడ్చుకుని వచ్చేదాన్ని. పేరున్న మనిషికి గొంతు లేదు, గొంతున్నదానికి పేరు లేదు. చాలని రెండు బెటాలియన్లని కలిపి ఒకటి చేసినట్టు, ఇద్దరం కలిసి ఒకరయ్యాం.

స్కూలుకి సెలవు పెట్టి, ముందు రోజే అన్నయ్యతో ఊరు చేరాను. మాఘం మొదటి రోజు మంచు దట్టంగా ఉంది. అన్నయ్య మెడకి మఫ్లరు నేనే చుట్టాను, ఊపిరి ఆడేలా వదులుగా. పరిచారకుడు మండపంలో నిలబడి మా పుట్టింటి పేరు పెట్టి కేకేశాడు. పలకాల్సింది నేనే. అలవాటు కొద్దీ అన్నయ్య వైపు చూశాను. మళ్లీ కేకేశాడు. పక్కన అన్నయ్య తాళం ఒక్కటి గట్టిగా వేశాడు. "వచ్చినాం!" అని అరిచాను, గోపురం మీద పావురాలు లేచిపోయేలా.

బాగా పాడానని చెప్పను. పైకి వెళ్లేసరికి జీర వచ్చింది. ఒకచోట చరణం మర్చిపోయి తెల్లమొహం వేస్తే, అది గుర్తొచ్చేదాకా అన్నయ్య తాళంతోనే నడిపించాడు. పాటయ్యాక గర్భగుడి తలుపులు తెరిచారు. దీపం వెలుగులో స్వామి ముఖం చూసి, ఏమీ కోరుకోలేదు. డాక్టరుగారిని, మావని, చింతగింజలని, ఎవరు ఎక్కడున్నారో మర్చిపోకుండా రాసిపెట్టిన ఆ పాతకాలం సైన్యపు గుమాస్తాలని, అందరినీ తలుచుకున్నాను.

ఊరికి కొత్తగా వచ్చిన అర్చకులుగారు ఆచారం ప్రకారం ఒక దొప్ప పొంగలి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లబోయారు.

"బాబూ, ఇంకో దొప్ప" అన్నాను.

"మేలుకొలుపుకి ఒకటే కదమ్మా?"

"పాటకొకటి, తాళానికొకటి. డప్పు కొట్టినోడూ లెక్కేనండి."

ఆయనకి డప్పు ఎక్కడినుంచి వచ్చిందో అర్థం కాలేదు. అయినా నవ్వి, ఇంకో దొప్ప నింపి అన్నయ్యకిచ్చారు.

మెట్ల మీద కూర్చున్నాం. అన్నయ్య తన దొప్పని కాసేపు అలా పట్టుకుని చూశాడు. తరవాత అందులో సగం నా దొప్పలోకి వంచాడు.

"నాకున్నాది గదా అన్నయ్యా, నీది నువ్వు తిను" అన్నాను.

వినిపించుకోలేదు. వేడి పొంగలి అంచు దాటి నా వేళ్ల మీదికి కారింది. చిన్నప్పటిలాగే కుయ్యోమన్నాను. అన్నయ్య పెదాల మీద వేలు పెట్టి, గర్భగుడి వైపు చూపించాడు.